నన్నారి వేరు: కడుపు చలవ కథ



ఎండలు ముదిరేసరికి మన నంద్యాల ప్రాంతంలో రెండు ఎరుపులు కంటబడతాయి. ఒకటి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. రెండోది బజారులో బండ్లమీద, వరసగా నిలబెట్టిన సీసాల్లోని నన్నారి ఎరుపు. మంట పెట్టేదీ, మంట ఆర్పేదీ ఒకే వీధిలో దొరుకుతాయన్నమాట! నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల దారి. ఆ దారి పొడుగునా ఏ ఊరి సెంటర్‌లో దిగినా ఒక నన్నారి బండి లేకుండా ఉండదు. నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి, సోడా కొట్టి గ్లాసు చేతికిస్తాడు. ఒక్క గుక్క దిగగానే "అమ్మయ్య, కడుపులో చల్లగా ఉంది" అనుకుంటాం.

ఆ చల్లదనం నిజమేనా? నిజమైతే దేనివల్ల? ఆ వేరు ఎక్కడిది, ఎవరు తవ్వి తెచ్చారు? ఈవేళ ఆ సంగతి మీతో ముచ్చటించాలని ఉంది. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, సభలు, తీర్మానాలు గుర్తుకొస్తాయి. 1928లో ఆంధ్ర మహాసభ ఈ నంద్యాలలోనే జరిగింది. "దత్తమండలాలు" అనే పేరు వదిలించుకుని "రాయలసీమ" అనే పేరు పెట్టుకున్నది ఆ సభలోనే. ఇది పెద్దల చరిత్ర. కాని మన వంటింటి వస్తువులకూ పేర్లు మారుతుంటాయి. అవి మారినప్పుడు ఏ సభా జరగదు, ఎవరూ రాసిపెట్టరు. నన్నారి విషయంలో అచ్చంగా అదే జరిగింది. ఒకే పేరు కింద రెండు వేర్లు చేరాయి. ఇందువల్ల వచ్చిన తికమక మీకు తెలియాలి. ఎందుకంటే దాని మీదే మన కడుపు సంగతీ, అడవి సంగతీ కూడా ఆధారపడి ఉన్నాయి.

ముందు కడుపు సంగతి చూద్దాం. మనం తిన్న మాంసాన్ని, పప్పును కరిగించే ఆమ్లం, అంటే యాసిడ్, మన జీర్ణాశయంలోనే ఊరుతుంది. మరి మాంసాన్ని కరిగించేది కడుపును ఎందుకు కరిగించదు? ఎందుకంటే కడుపు లోపలి గోడమీద జిగురు పొర ఒకటి పరచుకుని ఉంటుంది. పెనం మీద దోసె అంటుకోకుండా మనం నూనె పూస్తాం చూడండి, అలాగ. ఆ జిగురు కింద క్షారం కూడా ఊరుతూ, లోపలికి జారిన ఆమ్లాన్ని విరుస్తూ ఉంటుంది. ఆ గోడ పైవరస కణాలు కూడా కొద్దిరోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. రోజూ అలికి ముగ్గు పెట్టుకునే ఇల్లు వంటిది మన కడుపు. ఈ అలుకుడు ఎక్కడ తప్పిందో అక్కడ గోడ ఒరుసుకుపోయి పుండవుతుంది. దాన్నే మనం అల్సర్ అంటున్నాం.

ఈ గోడను మనిషి మొట్టమొదట కళ్ళారా సరిగ్గా చూసిన కథ భలే విచిత్రంగా ఉంటుంది. 1822లో అమెరికాలో, మాకినాక్ అనే దీవిలో, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రవాడికి తుపాకి పేలి పొట్టకు దెబ్బ తగిలింది. బతకడనుకున్నారు, బతికాడు. కాని పొట్టకు పడిన కంత మాత్రం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ కంతలోంచి ఏళ్ళ తరబడి కడుపులోకి చూస్తూ, దారానికి కట్టిన మాంసం ముక్కలు లోపలికి వదిలి ఎంతసేపటికి కరుగుతున్నాయో రాసుకుంటూ, 1833లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. మనిషికి కోపం వచ్చినప్పుడూ, మితిమీరి తాగినప్పుడూ ఆ లోపలి పొర రంగు మారడం, ఎర్రబడి కందిపోవడం ఆయన కంటితో చూశాడు. పాపం ఆ కుర్రవాడి ఓపికకు మెచ్చుకోవాలి. పుస్తకం మీద పేరు మటుకు డాక్టరుగారిదే.

మన దేశంలో కంతలోంచి చూసినవారు లేరు గాని, మంటను గుర్తించినవారు చాలా పూర్వమే ఉన్నారు. చరక సంహితలో మందులను పదేసి చొప్పున గుంపులు కట్టి చెప్పారు. అందులో "దాహప్రశమన" గణం ఒకటి. మనం దాహం అంటే మంచినీళ్ళ దప్పిక అనుకుంటాం. సంస్కృతంలో దాహం అంటే కాలడం, మంట. కాబట్టి ఇది దప్పిక తీర్చే మందుల పట్టీ కాదు, మంట అణచే మందుల పట్టీ. ఆ పదీ ఏమిటంటే పేలాలు, మంచిగంధం, గుమ్ముడు పండు, అతిమధురం, పంచదార, నల్లకలువ, వట్టివేరు, సారివ, తిప్పతీగ, కురువేరు. ఈ సారివనే మన తెలుగు వైద్యులు సుగంధిపాల అంటారు. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంటను "ఆమ్లపిత్తం" అని విడిగా ఒక రోగంగా చెప్పడం మటుకు చరకుడిలో కనబడదు. అది కాశ్యప సంహితలో, తర్వాత మాధవనిదానంలో వస్తుంది.

ఇక్కడే మన తికమక మొదలవుతుంది. శాస్త్రంలోని సారివ సన్నని తీగ. చేలగట్ల మీద, కంచెల్లో నేలబారుగా పాకుతుంది. దాని వేరు పెన్సిలంత లావు ఉంటే గొప్ప. తమిళులు దాన్ని నన్నారి అంటారు. ఆ పేరు మనకూ అలవాటయింది. కాని నంద్యాల, ఆళ్ళగడ్డ బజార్లకు కట్టలు కట్టి వచ్చే నన్నారి చూడండి! బొటనవేలు లావున, ఒక్కొక్కసారి అంతకన్నా లావున, కండపట్టిన ముల్లంగి గడ్డల్లాగా ఉంటుంది. అది వేరే మొక్క. నల్లమల రాళ్ళ సందుల్లో పెరిగే పెద్ద తీగ అది. మారెడు కొమ్ములు, మారెడు గడ్డలు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని దానికి పేర్లు. (శివుడికి పెట్టే మారేడు పత్రికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, కంగారు పడకండి.) తమిళులు దీన్ని మాకాళి అని వేరుచేసి పిలిచి, మజ్జిగలో ఊరగాయ పెడతారు. కన్నడం వారు కూడా దీన్ని ఊరగాయ పెడతారు. మనమేమో షర్బత్ చేసి, పేరు మాత్రం చిన్నదానిది పెట్టుకున్నాం.

రెంటికీ వాసన ఒకటే కావడం ఇందుకు కారణం. ముక్కు మోసపోయింది గాని, మోసపోయిందని ముక్కును నిందించడానికి కూడా లేదు. ఆ వాసనిచ్చే పదార్థం రెండు వేళ్ళలోనూ ఒకటే. ఐస్‌క్రీములో వేసే వెనిల్లా ఉంది చూడండి, దానికి ఇది రసాయనంలో అక్కచెల్లెలి వరస.

మరి ఆ పెద్ద గడ్డను తవ్వి తెచ్చింది ఎవరు? అహోబిలం వెళ్ళినవారికి చెంచులక్ష్మి కథ చెప్పనక్కరలేదు. ఆళ్ళగడ్డకు సుమారు 25 కిలోమీటర్లలో, నల్లమల ఒడిలో ఉన్న ఆ క్షేత్రంలో నరసింహస్వామి చెంచుల అల్లుడు. సంక్రాంతి పండుగ కాగానే స్వామి పారువేటకు బయలుదేరి నలభై రోజులు చుట్టుపట్ల పల్లెలన్నీ తిరుగుతాడు. అడవికీ ఊరికీ ఉన్న చుట్టరికాన్ని ఇంత అందంగా ఏటేటా గుర్తు చేసుకునే వేడుక మరొకటి నాకు తెలియదు. కాని అల్లుడి మర్యాదలు అల్లుడికే ఆగిపోయాయి గాని, అత్తవారికి ఏమంత అందలేదు. చెంచుల గురించి హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1943లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాదు కొండల్లో చెంచులతో ఉండి రాసింది అది. తవ్వుకోల చేతబట్టి దుంపలు, వేళ్ళు ఏరి తెచ్చుకోవడమే వారి బతుకులో ముఖ్యమైన పని అని అందులో కనబడుతుంది. ఆ పనిలో ఆడవారి పాలు ఎంతో ఉంది. మన చేతికి గ్లాసు వచ్చేముందు, ఎవరో ఒక తల్లి రాతిసందులో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వి ఉంటుందన్నమాట. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అడవి సరుకును దళారి చేతిలో పడకుండా కొనడం దాని ఉద్దేశం. తేనె, చింతపండు లాగానే నన్నారి షర్బత్ కూడా ఆ సంస్థ పేరుతో అమ్ముతారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నరకం అటవీ ఫలసాయం మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది.

ఇప్పుడు దొరలు ఈ వేళ్ళతో ఏం చేశారో చూద్దాం. ఐరోపా వారికి అప్పటికి సార్సపరిల్లా అనే అమెరికా వేరు మీద మహా మోజు. రక్తశుద్ధికి అదే మందని నమ్మేవారు. అది ఖరీదైన సరుకు. కుంపెనీ డాక్టర్లు ఇక్కడి చిన్న నన్నారిని చూసి, ఇదే మన చౌక సార్సపరిల్లా అన్నారు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలోకి ఆ వేరూ ఎక్కింది, దానితో చేసిన పాకమూ ఎక్కింది. అంటే లండన్ మందుల గ్రంథంలో మన నన్నారి షర్బత్ చోటు సంపాదించిందన్నమాట! మద్రాసు తిరువళ్ళిక్కేణిలో ఉండిన మొహిదీన్ షరీఫ్ అనే వైద్యుడు, ఒక భాషలో మొక్క పేరు మరో భాషలో వేరే మొక్కకు తగులుకుని ఎంత గందరగోళం అవుతున్నదో గ్రహించి, 1869లో భారత ఫార్మకోపియాకు ఒక అనుబంధం తయారుచేశాడు. తెలుగుతో సహా అనేక భాషల పేర్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పనిని మెచ్చుకోకుండా ఉండలేం. కాని మందుల కొట్టు దొరలకు నన్నారి మీద మోజు క్రమేపీ తగ్గిపోయింది. రక్తశుద్ధి చేస్తుందనడానికి రుజువు చూపలేకపోయారు. వాసన మటుకు బాగుందని చేదు మందుల్లో కలిపేవారు.

పెద్ద నన్నారికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1834లో, రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు. వైట్ మద్రాసు రాజధానిలో కుంపెనీ కొలువులో ఉన్నవాడు. ఆయన పుస్తకాలకు మొక్కల బొమ్మలు గీసినవారు మన దక్షిణాది చిత్రకారులు రంగయ్య, గోవిందు.

ఆ తర్వాత నూరేళ్ళు దాని జోలికి ఎవరూ పోలేదనే చెప్పవచ్చు. మళ్ళీ దాన్ని చేతిలోకి తీసుకున్నది మన తెలుగు గడ్డ మీదే. 1941లో వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు, వారితో పనిచేసిన భాస్కర రామమూర్తిగారు ఈ గడ్డలను రసాయన పరీక్షకు పెట్టారు. ఆ వాసన ఏ పదార్థానిదో తేల్చి చెప్పారు. ఈ గడ్డలు ఎన్నాళ్ళు ఉంచినా కుళ్ళవు, పురుగు పట్టవు, అది ఆ వాసన పదార్థం చలవేనని కూడా అన్నారు. ఊరగాయ జాడీలో అది ఎందుకు చెడదో తమిళ బామ్మలకు ముందే తెలుసు. కారణం వాల్తేరులో తెలిసింది.

కడుపు సంగతి తేల్చడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. మైసూరులో ఆహార పరిశోధన సంస్థ ఉంది కదా, 1950లో పెట్టినది. అక్కడి పరిశోధకులు 2007లో ఈ పెద్ద నన్నారి గడ్డనుంచి ఒక జిగురు పదార్థం విడదీశారు. జామ్ గడ్డకట్టడానికి పెక్టిన్ అని ఒకటి ఉంటుంది చూడండి, ఆ జాతిది. దాన్ని ఎలుకలకు పెట్టి, వాటి కడుపులో పుండ్లు పడే పరిస్థితి కల్పించి చూస్తే, పెట్టని ఎలుకలకన్నా పెట్టిన ఎలుకలకు కడుపు గోడ బాగా నిలబడింది. లోపలి జిగురు పొర తరగలేదు. పరీక్షనాళికలో ఆమ్లం ఊరించే యంత్రాంగాన్ని కూడా కొంత అణిచింది. మన నంద్యాల బండివాడి మాటకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మరొకటి లేదు.

అయితే ఆ సాక్ష్యం ఎంతవరకో కూడా చూడాలి గదా. పరీక్ష చేసింది ఎలుకల మీద, మనుషుల మీద కాదు. పెట్టింది గడ్డనుంచి విడదీసిన పదార్థం, చక్కెర పాకం కాదు. మనం తాగే గ్లాసులో వేరు సారం ఎంత, పంచదార ఎంత? పైగా అందులో నిమ్మకాయ పిండుతాం, సోడా కొడతాం. ఉన్న పుండు మీద పులుపు పోసి, గ్యాసు కొట్టి "చలవ" అంటే ఆ కడుపు ఏమనుకోవాలి! ఎండన పడి వచ్చిన ఆరోగ్యవంతులకు అది హాయి. అన్నం తినబోతేనే మంట పుట్టే మనిషికి ఆ నిమ్మకాయా సోడా లేకుండా ఇవ్వడం మంచిది. మధుమేహం ఉన్నవారి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

మరి కడుపు గోడను చెరిపేది ఏది? మన సీమ కారమే అని అందరూ అంటారు. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు మరీ అంటారు, వాళ్ళ ఆవకాయ సంగతి మరచిపోయి! కారం తింటే ఉన్న మంట పెరగవచ్చు. కాని అల్సర్ పుట్టించేది కారమని రుజువు కాలేదు. రుజువైన దోషులు ముఖ్యంగా ఇద్దరు. అందులో ఒకటి మన ఇళ్ళల్లో అలమారలోనే ఉంటుంది. తలనొప్పికీ ఒళ్ళునొప్పులకూ మింగే ఆస్పిరిన్, ఆ వర్గం నొప్పి మాత్రలు. ఆస్పిరిన్ 1899లో బజారుకు వచ్చింది. 1938లో లండన్‌లో ఇద్దరు డాక్టర్లు గొట్టం వేసి కడుపులోకి చూస్తే, మాత్ర ముక్కలు ఆనుకున్నచోట పొర ఎర్రగా కందిపోయి కనిపించింది. ఎందుకలాగో 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఒంట్లో నొప్పిని రేపే పదార్థాల జాతివే కడుపులో ఆ జిగురు పొరను కూడా ఊరిస్తుంటాయి. మాత్ర వాటిని ఆపుతుంది. నొప్పి పోతుంది, దాంతోపాటు కడుపు అలుకుడూ ఆగుతుంది. ఆయనకు 1982లో నోబెల్ బహుమానం వచ్చింది. పొద్దున కాఫీ కూడా పడకముందే ఒక మాత్ర, పని ఒత్తిడిలో మధ్యాహ్నం ఇంకొకటి, ఇలా నెలల తరబడి మింగే అక్కయ్యలు మనలో ఎంతమంది లేరు? ఈ మాట వాళ్ళకోసమే చెబుతున్నాను. గుండె జబ్బుకని డాక్టరు రాసిచ్చిన మాత్ర అయితే మాత్రం ఎవరికి వారు మానెయ్యకూడదు. అడిగే మానాలి.

రెండో దోషి ఒక సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1980ల మొదట్లో దాన్ని పట్టుకున్నారు. ఆమ్లంలో ఏ పురుగూ బతకదని అంతవరకు శాస్త్రం. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగేసి, కడుపుమంట తెచ్చుకుని చూపించాడు. (పాపం, ఆయన ఇల్లాలి అవస్థ ఏమిటో!) 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దేశంలో సగానికి పైగా పెద్దల కడుపుల్లో ఈ జీవి ఉంటుందని అంచనా. ఎక్కువమందికి చిన్నతనంలోనే చేరుతుంది. అందరికీ పుండు పడదు. పడినవారికి రెండు వారాలపాటు తగిన మందులు వాడితే పోతుంది. నన్నారి తాగితే పోదు. మైసూరు పరీక్షలో నన్నారి సారం ఈ జీవిని కూడా అణిచిందన్నారు గాని, గాజుపాత్రలో అణగడం వేరు, కడుపులో అణగడం వేరు.

వేరుమందు కాబట్టి హాని ఉండదనుకోవడం ఒకటి మనకు అలవాటు. చరకుడి పట్టీలోనే ఉన్న అతిమధురం సంగతి చూడండి. 1946లో హాలెండులో రెవెర్స్ అనే డాక్టరు దాని ముద్దను కడుపు పుండ్ల రోగులకు ఇస్తే చాలామందికి గుణం కనిపించింది. కాని కొందరికి ముఖం, కాళ్ళు వాచాయి. 1960ల్లో బ్రిటన్ వారు దానినుంచి మాత్రలే తయారుచేశారు. పుండు మానింది, రక్తపోటు పెరిగింది. తర్వాత అంతకన్నా మంచి మందులు రావడంతో ఆ మాత్రలు మూలబడ్డాయి. గొంతు గరగరకు ఒక పుల్ల నమిలితే ఏమీ కాదు. కడుపుకు మంచిదని నెలల తరబడి పొడి తినడం, అందులోనూ రక్తపోటు ఉన్నవారు, నాకు నచ్చని పని.

మనకు దగ్గరలోనే మరొకటి ఉంది. మహానంది వెళ్ళేటప్పుడు దారికి రెండువైపులా అరటితోటలు చూసే ఉంటారు. 1984లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు కూర అరటికాయ పొడి మీద పరీక్షలు చేశారు. అంతకు ముందు మన దేశంలోనూ చేశారు. ఆస్పిరిన్ పెట్టి ఎలుకల కడుపులో పుండ్లు తెప్పించి, ఎండబెట్టిన పచ్చికాయ పొడి పెడితే పుండ్లు తగ్గాయి, పొర దళసరెక్కింది. అరటిపండు పొడి అలా పనిచేయలేదు. కాయకున్న గుణం పండుకు లేదన్నమాట. ఇది కూడా ఎలుకల మాటే గాని, అరటికాయ కూర తినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కారం తగ్గించి, ఆవ పెట్టకుండా, ఇంత కొబ్బరి వేసి చేస్తే మంట ఉన్న మనిషీ తినగలుగుతారు. మా అవ్వ కడుపునొప్పి అన్నవారికి మజ్జిగలో నానిన మెంతులు ఇచ్చేది. మెంతి జిగురు, సబ్జా జిగురు గొంతు దిగేటప్పుడు ఎంత హాయిగా ఉంటాయో మీకూ తెలుసు.

తిరిగి నన్నారి దగ్గరికి వస్తాను. ఎందుకంటే నాకు అసలు బెంగ అక్కడుంది. ఉసిరికాయ కోస్తే చెట్టు ఉంటుంది. తేనె పిండితే ఈగలు మళ్ళీ పడతాయి. నన్నారి గడ్డ తవ్వితే తీగే పోతుంది. గింజలు తక్కువ పడతాయి, పడినవి అన్నీ మొలవవు, మొలిచింది గడ్డ ఊరడానికి ఏళ్ళు పడుతుంది. మనమేమో ఏటేటా షర్బత్ బండ్లు పెంచుకుంటూ పోయాం. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారి ఎర్ర జాబితాలో ఈ మొక్క "అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి" కింద చేరింది. నల్లమల, వెలిగొండలు, శేషాచలం కొండలు, అటు కర్ణాటక, తమిళనాడు కొండలు వంటి దక్షిణాది కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని మొక్క ఇది. చిన్న నన్నారి అయితే దేశమంతటా గట్లమీద ఉంది. దాని పేరు పెట్టుకుని పెద్దదాన్ని తవ్వేశాం. పేర్లు కలిసిపోతే ఇదే అనర్థం. ఏది తరిగిపోతున్నదో కూడా ఎవరికీ తెలియదు. "నన్నారికేం కరువు, కంచె నిండా ఉంది" అంటారు.

గడ్డ దొరక్కపోయేసరికి ఎసెన్సులు దిగాయి. పంచదార పాకంలో రంగు, నాలుగు చుక్కల ఎసెన్సు వేస్తే సీసా తయారు. వాసన అదే గాని జిగురు సారం ఉండదు. మైసూరు వారు చూసిన మేలంతా ఆ జిగురులోదే కాబట్టి, ఈ సీసాతో నాలుకకు తప్ప కడుపుకు ఏమీ లేదు. అసలు గడ్డతో కాచింది లేత తేనె రంగులోనో, కాస్త గోధుమ రంగులోనో ఉంటుంది. కుంకుమలాంటి ఎరుపు కనిపిస్తే అది కలిపిన రంగే. సీసా మీద అచ్చువేసినది చదవండి, వేరు సారమా ఎసెన్సా అని అడగండి. ఆడవాళ్ళు పదిమంది అడిగితే అంగడివాడు కూడా ఆలోచిస్తాడు. టిష్యూ కల్చర్ అని, చిన్న కణం ముక్కతో మొక్కలు మొలిపించే పద్ధతితో మైసూరు సంస్థలోనూ ఇతర చోట్లా దీన్ని పెంచే ప్రయత్నాలు జరిగాయి. చేలలో పండించిన గడ్డ బజారుకు వస్తే తప్ప అడవి గడ్డకు విముక్తి లేదు.

ఇంట్లో చేసుకుంటామంటారా, ఎక్కువ గడ్డ అక్కరలేదు. పావుకిలో తెచ్చి, మట్టి పోయేదాకా కడిగి, కచ్చాపచ్చాగా దంచి, నడిమి పుల్ల తీసెయ్యండి. అది కట్టెతో సమానం. పైకండ మాత్రమే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళతోనే సన్నసెగ మీద మూతపెట్టి కాచండి. మూత ముఖ్యం. వాసన ఆవిరిలో పోయే జాతిది, తెరిచి మరిగిస్తే వీధికంతా నన్నారి, మీకు మాత్రం తీపి నీళ్ళు. వడగట్టి, తగినంత పంచదార వేసి, తీగపాకం రాకముందే దించండి. మంట ఉన్నవారికి నీళ్ళలోనో, పలచని మజ్జిగలోనో కలిపి ఇవ్వండి. రెండు వారాలైనా మంట తగ్గకపోయినా, తిన్నది నిలవకపోయినా, ఒళ్ళు తగ్గిపోతున్నా, విరేచనం తారులాగా నల్లగా పడినా ఆ షర్బత్ సీసా పక్కన పెట్టి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అలాంటి నల్లటి విరేచనం అంటే లోపల పుండు నుంచి రక్తం కారుతూ ఉండవచ్చని. దానికి మర్నాటిదాకా కూడా ఆగకూడదు.